ఒకే పెట్టెలో అందరి బొమ్మలు

ఫోటోగ్రఫీ చరిత్ర అనగానే కెమెరాల చరిత్రో, పేరుమోసిన ఛాయాచిత్రకారుల చరిత్రో మన ముందుకొస్తుంది. 1839లో పారిస్‌లో దాగేర్ పద్ధతిని లోకానికి వెల్లడించడం, 1888లో కొడాక్ పెట్టె కెమెరా రావడం, ఆ తర్వాత రంగులు, డిజిటల్. ఈ వరసలో చోటు దక్కని సంగతి ఒకటుంది. స్టూడియోలో పనికి కుదిరినవాడికి యజమాని పని నేర్పేవాడు. బతుకుతెరువు కోసం కాక ఇష్టంకొద్దీ కెమెరా పట్టిన వైద్యుడికీ, గుమాస్తాకీ, సైనికాధికారికీ నేర్పేదెవరు? వాళ్లు తమలాంటి పదిమందికి బొమ్మ చూపించి, వాళ్లు చెప్పింది విని, వాళ్ల బొమ్మల గురించి తమకు తోచింది చెప్పి నేర్చుకున్నారు. ఔత్సాహికులకు ఈ పరస్పర విమర్శే బడి అయింది. ఆ బడి బాగా నడిచిన చోటల్లా ఒక షరతు కనిపిస్తుంది: తప్పు చెప్పేవాడి బొమ్మ కూడా చెప్పించుకునేవాడి బొమ్మ పక్కనే ఉండాలి. ఆ షరతు సడలిన చోట విమర్శ తీర్పుగా మారింది, నేర్చుకోవడం వెనకబడి బిరుదులు ముందుకొచ్చాయి.

మొదటి రోజుల్లో ఈ అవసరం రసాయనాల దగ్గర మొదలైంది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజుపలకకు చిక్కటి ద్రావణం పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే బొమ్మ తీసి, వెంటనే చీకటి గదిలోనో గుడారంలోనో కడగాలి. ఎండ, తేమ, నీళ్లు, మందుల శుభ్రత, ఎక్కడ తేడా వచ్చినా పలక పాడయ్యేది. ఎందుకు పాడైందో ఒక్కడే కూర్చుని తేల్చుకోవడం కష్టం. 1853లో లండన్‌లో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడడానికి ఇదొక ముఖ్య కారణం. ఆ దశాబ్దంలోనే అక్కడి ఔత్సాహికులు ప్రింట్లు ఇచ్చిపుచ్చుకుంటూ ఆల్బమ్‌లు తయారు చేసుకున్నారు. 1855 నాటి ఆల్బమ్‌లో బొమ్మతో పాటు అది ఏ పద్ధతిలో తీసిందీ, ఎలాంటి వెలుతురులో తీసిందీ వంటి వివరాలు అచ్చువేశారు. స్టూడియోవాళ్లకు తమ చిట్కాలే పెట్టుబడి. టాల్బట్ వంటి ఆవిష్కర్త తన పద్ధతికి పేటెంట్ల కంచె వేసుకున్నాడు. అలాంటి కాలంలో వీళ్లు పనితనం మొత్తం బయటపెట్టారు. ఎలా చేశాడో చెప్పినవాడికే ఎక్కడ తప్పిందో చెప్పగలం అన్న గ్రహింపు ఆ ఆల్బమ్ పేజీల్లో ఉంది. 1861లో అమెరికాలో మొదలైన అమెచ్యూర్ ఫోటోగ్రాఫిక్ ఎక్స్‌ఛేంజ్ క్లబ్బు కూడా ఈ దారిలోనే నడిచింది. అంతర్యుద్ధం సాగుతున్న ఆ రోజుల్లో సభ్యులు ఒకరికొకరు స్టీరియో ప్రింట్లు, అంటే లోతు కనిపించే జంట బొమ్మలు, టపాలో పంపుకున్నారు. అందరూ పంపాలి, అందరికీ అందాలి.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం నిలకడైన ఏర్పాటుగా మారడానికి రెండు మార్పులు తోడ్పడ్డాయి. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ సూచించిన జిలటిన్ పూత ఆధారంగా ఆ దశాబ్దం చివరికల్లా పొడిపలకలు ఫ్యాక్టరీల్లో తయారై దుకాణాల్లోకి వచ్చాయి. గుడారం మోసుకెళ్లే బాధ తప్పింది. ఉద్యోగం చేసుకునేవాడు కూడా సెలవురోజున నాలుగు పలకలు తీసి రాత్రికి తీరిగ్గా కడుక్కోవచ్చు. రెండోది, 1883లో బ్రిటన్‌లో మొదలైన పార్సిల్ పోస్టు. తక్కువ ఖర్చుతో ఊరూరా పెట్టె తిప్పే వీలు దానితో కలిగింది. అలా పుట్టినవే టపా క్లబ్బులు. సభ్యుల వరస ముందే రాసిపెట్టి ఉండేది. ప్రింట్ల పెట్టె ఒకరి ఇంటికి వస్తుంది. ఆయన కొన్నాళ్లు ఉంచుకుని ప్రతి బొమ్మ మీదా అభిప్రాయం కాగితం మీద రాసి, కింద తన పేరు పెట్టి తర్వాతి వారికి పంపుతాడు. పెట్టె చుట్టు తిరిగి మళ్లీ తన దగ్గరికి వచ్చినప్పుడు, అందరూ రాసిన మాటలతో సహా తన పాత బొమ్మ తీసుకుని కొత్తది పెడతాడు. 1893లో బ్రిటన్‌లో ఏర్పడిన స్టీరియోస్కోపిక్ సొసైటీ స్టీరియో బొమ్మలను ఇలాగే తిప్పింది. 1934లో ఏర్పడిన ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా కూడా పోర్ట్‌ఫోలియోల పేరుతో ఈ పద్ధతిని నడిపింది.

ఈ ఏర్పాటులో నేర్పే గుణం మూడు చోట్ల ఉంది. బొమ్మ కొన్నాళ్లు ఇంట్లో ఉంటుంది కాబట్టి మొదటి చూపుకే మాట తూలనక్కర్లేదు. సాయంత్రం దీపం కింద చూసినదాన్ని మర్నాడు పగటి వెలుగులో మళ్లీ చూడొచ్చు. పేరు పెట్టి రాయాలి, మిగతా సభ్యులూ చదువుతారు, కాబట్టి బాగుందనో బాగోలేదనో రాసి వదిలేస్తే పరువు దక్కదు. అన్నిటికీ మించి, రాసేవాడి బొమ్మ కూడా అందులోనే ఉంది. ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. ఆనాటి పలకలు నీలిరంగుకు అతిగా స్పందించేవి, అందువల్ల నేల సరిగా పడేసరికి ఆకాశం తెల్లకాగితంలా మిగిలేది. ఆకాశం ఖాళీగా ఉందని చెప్పడం ఎవరికైనా చేతనవును. మబ్బులకు వేరే నెగటివ్ తీసి ప్రింటులో కలపాలనీ, అలా కలిపేటప్పుడు మబ్బు మీది వెలుగూ చెట్టు నీడా ఒకే దిక్కును సూచించాలనీ చెప్పాలంటే, ఆ పని చేసి చెడగొట్టుకున్న అనుభవం కావాలి. ప్రింటు మీద ఎల్ ఆకారపు అట్టముక్కలు రెండు ఎదురెదురుగా పెట్టి, అటూ ఇటూ జరుపుతూ బొమ్మను ఎక్కడ కత్తిరిస్తే బిగువు వస్తుందో చూసుకోవడం కూడా క్లబ్బుల్లో చేతి నుంచి చేతికి అందిన విద్యే. అలా చూసి కుడివైపు అంగుళం తీసేయమని రాసిన మాటను, తీసిన మనిషి తన నెగటివ్ మీదే పరీక్షించి చూసుకోగలడు. తప్పో ఒప్పో అక్కడే తేలిపోతుంది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం బలమైనది. సమానుల మధ్య విమర్శ అంటున్నారు, ఆ సమానులెవరు? ఖరీదైన పరికరాలు కొనగలిగిన పెద్దమనుషులే కదా? నిజమే. మన దేశంలో ఆ లోటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1854లో బొంబాయిలో, 1856లో కలకత్తాలో, మద్రాసులో ఫోటోగ్రాఫిక్ సొసైటీలు ఏర్పడ్డాయి. లండన్ సొసైటీ పుట్టిన మూడు నాలుగేళ్లలోనే ఇక్కడ మూడు వెలిశాయంటే ఆ ఉత్సాహం ఎంతటిదో తెలుస్తుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పటి రాజధాని అయిన మద్రాసులో, కళాపాఠశాల స్థాపించిన అలెగ్జాండర్ హంటరే ఈ సొసైటీకీ మూలపురుషుడు. ఈ సంఘాల్లో భారతీయులకూ సభ్యత్వం ఉండేది. కలకత్తాలోని బెంగాల్ సొసైటీలో పండితుడు రాజేంద్రలాల్ మిత్ర ముఖ్య సభ్యుడు. కానీ 1857లో నీలిమందు తోటల దొరలను విమర్శిస్తూ బహిరంగసభలో మాట్లాడినందుకు ఆయన్ని సభ్యత్వం నుంచి తొలగించారు. బొమ్మల మీద సమానంగా మాట్లాడే హక్కు, దొరల మీద నోరు విప్పగానే పోయింది. ఈ ఉదంతం నా వాదనను పడగొట్టదు, దాని హద్దును చూపిస్తుంది. గోడ మీద బొమ్మలు పక్కపక్కన ఉంటే చాలదు, వాటిని తీసినవాళ్లు ఒకరి మాటకు ఒకరు భయపడకుండా ఉండాలి. పాలకుడూ పాలితుడూ ఉన్నచోట ఆ పరస్పరత పైపూతే అవుతుంది.

రెండో అభ్యంతరం, తెలియనివాడు తెలియనివాడికి ఏం నేర్పుతాడన్నది. విమర్శ వల్ల లాభం అంతా చెప్పించుకునేవాడికే అనుకోవడం వల్ల ఈ సందేహం వస్తుంది. పదిహేను బొమ్మల మీద రాయాల్సి వచ్చినవాడు పదిహేనుసార్లు తన చూపుకు కారణం వెతుక్కోవాలి. తన బొమ్మలో కనపడని లోపం పక్కవాడి బొమ్మలో ఇట్టే కనిపిస్తుంది. మరుసటి నెల కెమెరాలోంచి చూస్తున్నప్పుడు తను రాసిన ఆ మాటే తనకు గుర్తుకొస్తుంది. పైగా ఒక బొమ్మ మీద పదిమంది రాస్తే అందులో పొంతన కుదరని మాటలుంటాయి. ఒకరు నల్లదనం ఎక్కువైందంటారు, మరొకరికి అదే నచ్చుతుంది. ఏది తీసుకోవాలో, ఏది వదలాలో తీసినవాడే తేల్చుకోవాలి. గురువు మాట ఒక్కటే ఉన్నచోట ఈ అభ్యాసానికి అవకాశం తక్కువ.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది: గుంపు విమర్శ అందరి బొమ్మల్నీ ఒకే అచ్చులో పోస్తుంది. దీనికి జూలియా మార్గరెట్ కామెరాన్ కథే సాక్ష్యం. 1815లో కలకత్తాలో పుట్టిన ఆవిడకు నలభై ఎనిమిదో ఏట, 1863లో, కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇచ్చారు. మరుసటి ఏడే లండన్ సొసైటీలో చేరింది. ముఖాలను దగ్గరగా, మెత్తటి ఫోకస్‌లో తీసే ఆమె తీరును 1865లో సొసైటీ పత్రిక చులకన చేసింది. ఫోకస్ సరిగా లేదనీ, పలకల మీద గీతలూ మరకలూ ఉన్నాయనీ తప్పుపట్టింది. ఈనాడు ఆ శతాబ్దపు గొప్ప ఛాయాచిత్రాల్లో అవి ముందుంటాయి. సంఘాలకు అలవాటే కొలత అయ్యే ప్రమాదం ఉందని ఒప్పుకోవాల్సిందే. కానీ ఆమెకు ఇంకో రకం విమర్శ కూడా అందింది. శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఫోటోగ్రఫీ విశేషాలు ఉత్తరాల్లో తెలిపేవాడు. తన బొమ్మలను ఆమె ఆయనకు పంపేది. చిత్రకారుడు జి.ఎఫ్. వాట్స్ ఆమె బొమ్మలు చూసి మెప్పుతో పాటు మందలింపులూ రాసేవాడు. పత్రిక ఆమెను కొలమానంతో కొలిచింది. స్నేహితులు ఆమె ఏం చేయబోతోందో గ్రహించి, ఆ దారిలో ఎంతవరకు వచ్చిందో చెప్పారు. తీసినవాడి ఉద్దేశం తెలుసుకున్నాక చేసిన విమర్శకూ, సూత్రం ముందు పెట్టుకుని చేసిన విమర్శకూ ఉన్న తేడా ఇదే. అచ్చులో పోసేది రెండోది.

ఇరవయ్యో శతాబ్దంలో పెరిగింది కూడా ఆ రెండోదే. పోటీలు, సలోన్లనే ఎంపిక ప్రదర్శనలు, మార్కులు వచ్చాయి. 1950లో అంతర్జాతీయ సమాఖ్య ఫియాప్, 1953లో మన ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ ఏర్పడ్డాయి. వీటివల్ల చిన్న ఊరి ఔత్సాహికుడి బొమ్మ పరదేశపు గోడ మీదికెక్కింది, అది తక్కువ మేలు కాదు. బ్రిటన్ రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఫెలోషిప్ అందుకున్న హైదరాబాదు ఛాయాచిత్రకారుడు బండి రాజన్‌బాబు వంటివారి ప్రతిభకు ఆ గుర్తింపు తగినదే. అయితే సలోన్‌లో న్యాయనిర్ణేతలకు ఒక్కో బొమ్మ ముందు దొరికేది కొన్ని క్షణాలే. అంకె వస్తుంది, కారణం రాదు. తిరస్కరించిన బొమ్మతో పాటు తర్వాత ఏం చేయాలో చెప్పే మాట ఇంటికి రాదు. దాంతో జనం నెగ్గిన బొమ్మలను చూసి అలాంటివే తీయడం మొదలుపెడతారు. అచ్చులో పోయడం అసలు జరిగేది ఇక్కడ. తీర్పు చెప్పేవారి వల్ల కూడా గొప్ప ఛాయాచిత్రకారులు తయారయ్యారు కదా అనొచ్చు. జపాన్‌లో దోమొన్ కెన్ 1950 నుంచి కెమెరా అనే పత్రికలో పాఠకుల నెలవారీ పోటీకి వచ్చిన బొమ్మలను ఎంచి, విమర్శ రాశాడు. అప్పటి కుర్రకారులో తోమత్సు షోమెయ్ వంటివారు ఆ పోటీల్లోంచి వచ్చారు. కానీ దోమొన్ అంకె వేసి ఊరుకోలేదు, కారణాలు రాశాడు. వాస్తవాన్ని కల్పన లేకుండా తీయాలని ఇతరులకు చెప్పిన మనిషి, ఆ సూత్రానికి కట్టుబడి తీసిన సొంత బొమ్మలను పాఠకుల ముందు పెడుతూ వచ్చాడు. తన పని కూడా పరీక్షకు నిలబెట్టిన న్యాయనిర్ణేత పెట్టెలో బొమ్మ వేసినవాడి కిందే లెక్క.

అందుకే ఈ చరిత్ర నుంచి తీసుకోవాల్సింది పాత టపా పెట్టె మీద బెంగ కాదు, అది నేర్పిన నియమాలు. ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో విశాఖలోనో కెమెరా పట్టిన పదిమంది కలిసి కూర్చుంటే, పరికరాలకు లోటు లేదు, బొమ్మలకు అసలే లేదు. లోటంతా కారణంతో కూడిన మాటకే. తన బొమ్మ పెట్టకుండా ఎవరూ చెప్పకూడదు. తీసినవాడు ఏం చేయబోయాడో ముందు వినాలి. చెప్పే లోపం మళ్లీ తీసి చూసుకోగలిగేదై ఉండాలి. చెప్పిన మాట కింద పేరుండాలి. మార్కులు లేకపోయినా ఏం కాదు. ఈ నాలుగూ పాటించిన చిన్న గుంపు ఏడాదిలో ఇచ్చే చదువు, ఎన్ని పతకాలొచ్చినా ఇంట్లో ఒంటరిగా కూర్చున్నవాడికి దొరకదు. ఈ కళను ఇష్టంకొద్దీ చేసేవాళ్లు నూటడెబ్బై ఏళ్లుగా ఒకరికొకరు గురువులై నిలబెట్టుకున్నారు. ఆ గురుత్వాన్ని అంకెలకు అప్పగించకుండా చూసుకోవడం ఇప్పుడు తీస్తున్నవాళ్ల బాధ్యత.