సురభి తెర వెనక

రాత్రి రువైస్ క్యాంపులో సురభి వాళ్ల మాయాబజార్ మొబైల్‌లో పెట్టాం. షట్‌డౌన్ పని, పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చినా ఎవడూ పడుకోలేదు. లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే మా రిగ్గర్ అన్న మాత్రం తీగలెక్కడ కట్టారా అని వెతుకుతున్నాడు.

ఆ తీగల కథ మా కడప జిల్లాదే అన్నా. 1885లో సురభి అనే ఊళ్లో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడించారు. అంతకుముందు వీళ్లవి తోలుబొమ్మలాడే మరాఠీ కుటుంబాలు. పొట్ట చేతపట్టుకొని వచ్చినోళ్లే, మనలాగే. అప్పట్లో ఆడవేషాలు మగాళ్లే కట్టేవాళ్లు. వీళ్లు మాత్రం ఇంటి ఆడవాళ్లనే స్టేజీ ఎక్కించారు.

కంపెనీ అంటే ఇల్లే. పగలు వంట చేసిన అమ్మే రాత్రికి ద్రౌపది. టికెట్లిచ్చినాయనే గబగబా రంగు పూసుకుంటాడు. వేషం లేనోడు తెర వెనక తాళ్లు లాగుతాడు. బయటి కూలీలను పెట్టుకుంటే అంత సెట్టింగు గిట్టేదా? జనం పలచబడితే డేరా పీకి ఇంకో ఊరు. వానొస్తే ఆట లేదు, వసూలు లేదు, పొయ్యి మాత్రం వెలగాలి.

1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో సురభి నటులు వేశారు. ఆ టాకీలే తర్వాత డేరా జనాన్ని లాక్కుపోయాయి. ముప్పైకి పైగా ఉన్న సమాజాలు ఐదారుకు దిగాయి. 2013లో సురభి బాబ్జీ గారికి పద్మశ్రీ వచ్చింది.

మా రిగ్గర్ అన్న ఇంకా అడుగుతూనే ఉన్నాడు, తాళ్లు లాగినోళ్లకు జీతమా, వాటానా అని. మీ ఊళ్లో సురభి డేరా చూసినోళ్లుంటే చెప్పండి.