ఇంటివాళ్లే చేసుకున్న చెక్క సామాను

వడ్రంగం వృత్తి కానివాళ్లు ఇంటికి కావలసిన బల్ల, కుర్చీ, పుస్తకాల అర తామే చేసుకోవడం ఇప్పుడు చాలా దేశాల్లో మామూలు వ్యాపకం. ఈ వ్యాపకానికి ఆధారాలు మూడు: కొలతకు కోసి నునుపు చేసిన చెక్క, చవకగా దొరికే మేకులూ స్క్రూలూ, ఎవరైనా చూసి అనుసరించగల నమూనా. మొదటి రెండింటినీ యంత్రయుగం ఇచ్చింది. మూడోదాన్ని ఉపాధ్యాయులు, పత్రికా సంపాదకులు, రూపశిల్పులు కొందరు పనిగట్టుకుని తయారుచేశారు. బలం తగ్గకుండా కష్టమైన కూర్పులను తగ్గించి, వస్తువును అలవాటు లేని చేతికి అందేలా మలచడం వాళ్లు చేసిన పని. ఈ వ్యాపకపు చరిత్రలో ఎక్కువ భాగం ఆ కృషి చరిత్రే.

వృత్తి హద్దులు

ఐరోపా పట్టణాల్లో చెక్కపని శతాబ్దాల పాటు వృత్తి సంఘాల చేతిలో ఉంది. ఎవరి పని ఏదో కూడా ఆ సంఘాలు తగవులాడి తేల్చుకునేవి. లండన్‌లో 1632లో నగర పెద్దలు ఇచ్చిన తీర్పు ప్రకారం జిగురు పెట్టి, కూర్పులు చెక్కి చేసే సామాను జాయినర్లకు చెందింది. పలకలను మేకులతో కొట్టి చేసే పని కార్పెంటర్లకు మిగిలింది.

ఈ తేడాకు మూలం చెక్క స్వభావంలో ఉంది. చెక్క తేమ పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఈ మార్పు పొడవునా దాదాపు ఉండదు, అడ్డంగానే ఉంటుంది. అందుకే ఒక వెడల్పాటి పలక మీద మరో పలకను అడ్డంగా పెట్టి గట్టిగా బిగిస్తే కొన్నేళ్లకు ఏదో ఒకటి పగులుతుంది. ఒక చెక్క కొసను సన్నగా చెక్కి, రెండో చెక్కలో తొలిచిన బెజ్జంలో దిగగొట్టి చట్రం కట్టి, ఆ చట్రం గాడిలో పలకను వదులుగా నిలిపితే ఈ బాధ ఉండదు. అయితే ఆ పని చేతికి పట్టుబడాలంటే ఏళ్ల శిష్యరికం కావాలి. అంత నేర్పు అక్కర్లేని సామానుకు మంచి ఉదాహరణ ఇంగ్లండ్‌లోనూ, తర్వాత అమెరికా వలసల్లోనూ కనిపించే ఆరు పలకల పెట్టె. ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి, పక్కలకు రెండు, అడుగుకూ మూతకూ ఒక్కోటి. పక్క పలకలే కిందికి సాగి కాళ్లవుతాయి. రంపం, సుత్తి, మేకులు ఉంటే పని జరుగుతుంది.

తెలుగు పల్లెల్లో ఏర్పాటు వేరు. పంచాణం వారిలో ఒకరైన వడ్రంగి నాగలి, బండి, తలుపులు, మంచం, పీట చేసిపెట్టేవాడు. రైతు పంట చేతికొచ్చినప్పుడు అతనికి మేర కొలిచేవాడు. ఇళ్లలో చెక్క సామాను కూడా తక్కువే. నులక మంచం, పీటలు, కలిగినవాళ్ల ఇళ్లలో పందిరి మంచం, బోషాణం. ఊళ్లోనే వడ్రంగి ఉండగా ఇంటివాళ్లు ఉలి పట్టాల్సిన అవసరం అంతగా రాలేదు. మంచానికి నులక అల్లుకోవడం వంటివి మాత్రం ఇంటి పనులుగా సాగాయి.

వృత్తి రహస్యాలను అచ్చులో పెట్టిన తొలి ప్రయత్నాల్లో ముఖ్యమైనది లండన్‌కు చెందిన జోసెఫ్ మాక్సన్‌ది. గ్లోబులు, పటాలు తయారుచేసి అచ్చువేసే ఆయన 1678 నుంచి 'మెకానిక్ ఎక్సర్‌సైజెస్' అనే రచనను భాగాలుగా ప్రచురించాడు. కమ్మరం, జాయినరీ, ఇళ్ల వడ్రంగం, తరిమెన పని అందులో వివరించాడు. పనిముట్టును ఎలా పట్టుకోవాలో, చిత్రిక ఎలా పట్టాలో మాటలతో, బొమ్మలతో చెప్పిన పుస్తకం ఇంగ్లిషులో అంతకుముందు లేదు.

యంత్రాలు తెచ్చిన మార్పు

చెక్కపనిలో శ్రమంతా సామాను తయారీ కంటే ముందే ఉండేది. దుంగను కోయాలి, పలకను బాడిశతో, చిత్రికతో సాపు చేయాలి, మందం సమం చేయాలి. 19వ శతాబ్దంలో ఆవిరి రంపపు మిల్లులు ఆ భారాన్ని తీసుకున్నాయి. అమెరికాలో విలియం వుడ్‌వర్త్ చిత్రిక యంత్రానికి 1828లో పేటెంట్ వచ్చింది. కొన్ని దశాబ్దాల్లో నాలుగు వైపులా నునుపు చేసిన చెక్క మిల్లు నుంచి నేరుగా కొనే సరుకైంది.

స్క్రూ కథా అలాంటిదే. పాత స్క్రూలకు మొన ఉండేది కాదు. బరమాతో ముందే బెజ్జం వేస్తేగాని దిగేవి కావు. 1840లలో మొనదేలిన స్క్రూలను యంత్రాల మీద తయారుచేసే పద్ధతులు వచ్చాయి. శతాబ్దం చివరికి తీగ నుంచి తీసిన మేకులు పాత రకం మేకుల స్థానాన్ని ఆక్రమించాయి. చెక్కా, బిగింపులూ చవకయ్యాయి. వాటితో ఏం చేయాలో నేర్పేవాళ్లు ఇంకా రావాల్సి ఉంది.

బడిలో చెక్కపని

ఆ పని ముందు బడి చేసింది. ఫిన్‌లాండ్‌లో ఊనో సిగ్నేయుస్ రూపొందించిన ప్రాథమిక విద్యలో 1866 నుంచి చేతిపని పాఠ్యాంశమైంది. స్వీడన్‌లో ఒట్టో సాలొమోన్ తన మేనమామ ఆగస్ట్ అబ్రహామ్‌సన్‌కు చెందిన నేస్ ఎస్టేటులో 1870లలో ఉపాధ్యాయ శిక్షణ ప్రారంభించి ఈ పద్ధతిని క్రమబద్ధం చేశాడు. దీనికి స్లోయిడ్ అని పేరు. వృత్తి వడ్రంగులను తయారుచేయాలన్న ఉద్దేశం ఇందులో లేదు. చేతికీ కంటికీ శ్రద్ధ నేర్పడం, పనిపట్ల గౌరవం కలిగించడం దీని లక్ష్యం.

సాలొమోన్ బోధనలో ప్రాణమంతా క్రమంలో ఉంది. విద్యార్థి మొదట కత్తితో చిన్న పుల్ల చెక్కుతాడు. తర్వాత వచ్చే ప్రతి వస్తువూ ఒక కొత్త కదలికనో, కొత్త పనిముట్టునో, కొత్త కూర్పునో పరిచయం చేస్తుంది. ప్రతిదీ ఇంట్లో నిజంగా పనికొచ్చే వస్తువై ఉండాలి, విద్యార్థి స్వయంగా పూర్తిచేయాలి. నేస్‌కు అనేక దేశాల నుంచి ఉపాధ్యాయులు వచ్చారు. వారిలో స్త్రీలూ ఉన్నారు. వాళ్ల ద్వారా ఈ పద్ధతి ఇంగ్లండ్, అమెరికా బడులకు చేరింది. బడిలో రంపం పట్టిన తరమే ఆ తర్వాత పత్రికల్లో నమూనాలు చూసి ఇంట్లో సామాను చేసిన పాఠకవర్గం.

పత్రికలు, పెట్టెలు

అమెరికాలో గుస్టావ్ స్టిక్లీ 1901 నుంచి 1916 దాకా 'ది క్రాఫ్ట్స్‌మన్' పత్రిక నడిపాడు. అతనిది ఫర్నిచర్ కర్మాగారం. అయినా తన శైలి సామానుకు కొలతల బొమ్మలను పత్రికలో అచ్చువేసి, పాఠకులు ఇంట్లో చేసుకోవచ్చని ప్రోత్సహించాడు. నేరుగా సాగే గీతలు, దళసరి ఓక్ చెక్క, బయటికి కనిపించే కూర్పులు ఆ శైలి లక్షణాలు. నగిషీ లేదు, వంపులు తక్కువ. కొత్తవాళ్ల చేతికి ఇది సహజంగా నప్పింది.

హెన్రీ హేవెన్ విండ్సర్ 1902లో స్థాపించిన 'పాపులర్ మెకానిక్స్' పత్రిక ఇదే శైలిని మరింత విస్తరించింది. 1909 నుంచి 1912 వరకు మూడు భాగాలుగా వెలువరించిన 'మిషన్ ఫర్నిచర్: హౌ టు మేక్ ఇట్' పుస్తకాల్లో కుర్చీలు, బల్లలు, దీపస్తంభాలు, పుస్తకాల బీరువాలు ఉన్నాయి. నమూనాతో పాటు ఏ ముక్క ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎన్ని కావాలో చెప్పే చెక్కల పట్టిక ఇచ్చి, దాని ప్రకారం మిల్లులో కోయించి నునుపు చేయించుకోమని సూచించాయి. సగం పని మిల్లుకు అప్పగించి, మిగిలిన సగాన్ని ఇంటివాళ్లకు వదిలిన ఈ విభజన ఎంతో మందికి దారి తెరిచింది.

చెక్క కొనలేనివాళ్ల గురించి ఆలోచించినామె లూయీజ్ బ్రిగమ్. ఆర్కిటిక్‌లోని స్పిట్స్‌బెర్గెన్ దీవిలో ఉన్న రోజుల్లో సరుకులు వచ్చిన పెట్టెలతోనే ఆమె ఇంటి సామాను చేసుకుంది. 1909లో న్యూయార్క్‌లో ప్రచురించిన 'బాక్స్ ఫర్నిచర్' పుస్తకంలో వాడి పారేసే చెక్క పెట్టెలతో ఇంటికి పనికొచ్చే వంద వస్తువులు ఎలా చేయాలో వివరించింది. పెట్టెను పూర్తిగా విప్పకుండా, దానికున్న మూలలను అలాగే వాడుకోవడం ఆమె పద్ధతిలోని తెలివి. కష్టమైన మూల కూర్పు అప్పటికే సిద్ధంగా ఉంటుంది. దాని మీద పలకలు, అరలు, కాళ్లు చేర్చితే సరిపోతుంది. న్యూయార్క్‌లో పేద పిల్లలకు ఆమె ఈ పని నేర్పించింది.

అదే కాలంలో న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌పోర్ట్‌లో థామస్ లీ 1903లో ఆరుబయట కూర్చునే ఒక కుర్చీని రూపొందించాడు. ముడులు లేని ఒకే పలక నుంచి కోసిన 11 ముక్కలతో అది తయారైంది. దానికి 1905లో పేటెంట్ మాత్రం స్థానిక వడ్రంగి హ్యారీ బనెల్ పేరు మీద వచ్చింది. వెనక్కు వాలిన వీపు, పలక లాంటి వెడల్పాటి చేతులున్న ఆ కుర్చీ నుంచి పుట్టిన అడిరాండాక్ కుర్చీని ఇప్పటికీ లెక్కలేనంత మంది ఇళ్లలో చేసుకుంటున్నారు.

టాల్‌స్టాయ్ క్షేత్రం నుంచి వార్ధా దాకా

భారతీయులకు సంబంధించి ఈ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం దక్షిణాఫ్రికాలో జరిగింది. సత్యాగ్రహుల కుటుంబాల కోసం వాస్తుశిల్పి హెర్మన్ కాలెన్‌బాక్ 1910లో జొహానెస్‌బర్గ్ దగ్గర 1,100 ఎకరాల భూమి ఇచ్చాడు. టాల్‌స్టాయ్ క్షేత్రంగా పేరుపొందిన ఆ స్థలంలో గుజరాతీలు, తమిళులు, ఉత్తర భారతీయులతో పాటు ఆంధ్రదేశం నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారని గాంధీజీ రాశారు. కొత్తగా ఊరు కట్టుకున్నట్టే కాబట్టి బెంచీల నుంచి పెట్టెల దాకా ఎన్నో వస్తువులు అవసరమయ్యాయి. వాటన్నిటినీ అక్కడివాళ్లే కాలెన్‌బాక్ నాయకత్వంలో చేసుకున్నారు. కులవృత్తిగా ఉన్న వడ్రంగాన్ని అన్ని కులాలవాళ్లూ, అన్ని మతాలవాళ్లూ కలిసి చేశారు. అందుకే ఆ బెంచీలకు సామాజిక విలువ కూడా ఉంది.

ఆ అనుభవాల వెలుగులోనే 1937లో వార్ధా సమావేశం నుంచి చేతిపని ద్వారా చదువు నేర్పే నయీ తాలీం పుట్టింది. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం మౌలిక విద్యకు సూచించిన చేతిపనుల్లో వడకడం, నేతతో పాటు వడ్రంగం ఉంది. కొలతల ద్వారా లెక్కలు, చెక్క ద్వారా ప్రకృతి శాస్త్రం నేర్పవచ్చన్నది ఆ ఆలోచన. స్వాతంత్ర్యం తర్వాత ఈ విద్య బలహీనపడింది. ఈశ్వర్‌భాయ్ పటేల్ సంఘం 1977లో సిఫారసు చేసిన సమాజోపయోగ ఉత్పాదక కృషి చేతిపనికి బడుల్లో మళ్లీ చోటు ఇచ్చినా, చాలాచోట్ల అది నామమాత్రంగానే సాగింది. పిల్లలకు ఉలి, రంపం అందకపోవడం ఈ దేశపు విద్యకు నిజమైన నష్టం.

మాంద్యం, యుద్ధం

ఆర్థిక మాంద్యపు రోజుల్లో నెదర్లాండ్స్ రూపశిల్పి గెరిట్ రీట్‌వెల్డ్ 1934లో దేవదారు పెట్టెల చెక్క లాంటి చవక చెక్కతో కుర్చీ, బల్ల, పుస్తకాల అర రూపొందించాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని మెట్జ్ అండ్ కో దుకాణం వాటిని విడి ముక్కలుగా అమ్మింది. కొన్నవాళ్లు స్క్రూలతో బిగించుకోవాలి. రీట్‌వెల్డ్ స్వయంగా వడ్రంగి కుటుంబంలో పుట్టి ఆ పని నేర్చినవాడు. కూర్పుల గురించి అంత తెలిసినవాడు వాటిని వదిలిపెట్టడం వల్లే ఆ సామాను సులభంగానూ గట్టిగానూ వచ్చింది.

యుద్ధకాలంలో అవసరం ఇంకా కఠినంగా ఎదురైంది. 1942 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు 9066 తర్వాత జపాన్ సంతతికి చెందిన దాదాపు 1,20,000 మందిని పది నిర్బంధ శిబిరాలకు తరలించారు. వారిలో ఎక్కువమంది అమెరికా పౌరులే. ఒక్కో కుటుంబానికి దక్కిన బ్యారక్ గదిలో మంచాలు, పొయ్యి, వేలాడే ఒక బల్బు తప్ప మరేమీ లేవు. శిబిరాల నిర్మాణంలో మిగిలిన చెక్కముక్కలు ఏరుకుని, దొరికిన ఇనుముతో పనిముట్లు కూడా చేసుకుని, అంతకుముందు వడ్రంగం ఎరగనివాళ్లు సైతం బల్లలు, కుర్చీలు, అరలు తయారుచేశారు. అన్యాయంగా ఇల్లు పోగొట్టుకున్న మనుషులు గదిని ఇల్లుగా మార్చుకున్న తీరుకు ఆ సామాను సాక్ష్యం.

యుద్ధం ముగిశాక అమెరికాలో కొత్త ఇళ్లు వేల సంఖ్యలో లేచాయి. చేతిలో పిస్తోలులా పట్టుకుని మీట నొక్కే డ్రిల్లుకు బ్లాక్ అండ్ డెకర్ 1917లోనే పేటెంట్ పొందింది. ఇళ్లలో వాడుకునే పావు అంగుళం డ్రిల్లును 1946లో 16.95 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. 1920ల చివర స్థిరపడిన 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు కూడా ఇంటి పనికి చేరింది. పొరల నారను ఒకదానికొకటి అడ్డంగా అతికించడం వల్ల ప్లైవుడ్ పెద్దగా ఉబ్బదు, కుంచించుకోదు. పూర్వం చట్రం కట్టి సాధించినది ఇప్పుడు షీటులోనే వచ్చేసింది. 1954 ఆగస్టులో 'టైమ్' వారపత్రిక ఈ ఉత్సాహాన్ని ముఖచిత్ర కథగా ప్రచురించింది. బ్రిటన్‌లో బీబీసీ టెలివిజన్‌లో బారీ బక్‌నెల్ ఇంటి పనులు నేర్పి పేరుపొందాడు.

మేకులు, పలకలు, ఒక వాదన

1970లలో ఈ వ్యాపకానికి ఒక సిద్ధాంతం కూడా తోడైంది. విక్టర్ పాపనెక్, జేమ్స్ హెన్నెసీ 1973లో 'నొమాడిక్ ఫర్నిచర్' పుస్తకంలో మడిచి, విప్పి తీసుకెళ్లగల తేలిక సామానును చూపారు. ఇటలీ రూపశిల్పి ఎంజో మారీ 1974లో మిలాన్‌లో 'ఆటోప్రొజెట్టాజియోనె' పేరుతో 19 వస్తువుల నమూనాలను ప్రదర్శించాడు. వాటికి సాధారణ కోత పలకలు, మేకులు, సుత్తి, రంపం చాలు. మేకు ఒక్కటే మూలను కదలకుండా ఆపలేదు. బల్లను పక్కకు తోస్తే కాళ్లు వాలిపోతాయి. అందుకే మారీ కాళ్ల మధ్య ఏటవాలు బద్దలు వేశాడు. త్రిభుజం ఆకారం మారదు కనుక చక్కని కూర్పు లేకున్నా బల్ల గట్టిగా నిలుస్తుంది.

తపాలా ఖర్చు పంపిన వారికి ఆయన ఆ నమూనాలు ఉచితంగా ఇచ్చాడు. కర్మాగారాలు, వ్యాపారులు తప్ప ఎవరైనా చేసుకోవచ్చన్నాడు. సొంతంగా ఒక బల్ల చేసినవాళ్లు అంగట్లో అమ్మే బల్లను మరింత తెలివిగా చూడగలరన్నది ఆయన వాదన. చవక సామాను సమకూర్చడం కంటే ఈ చూపు కలిగించడమే ఆయనకు ముఖ్యం. 2010లో ఫిన్‌లాండ్ సంస్థ ఆర్టెక్ ఆ నమూనాల్లోని ఒక కుర్చీని కోసిన పలకలు, మేకులతో సహా అందించడం మొదలుపెట్టింది. బెర్లిన్‌లో కూకులా అనే సంస్థ మారీ అనుమతితో శరణార్థుల చేత ఆ సామాను చేయించి వాళ్లకు ఉపాధి చూపింది.

నేటి స్థితి

బ్రిగమ్ పెట్టెల స్థానంలో ఇప్పుడు సరుకు రవాణా ప్యాలెట్లు వచ్చాయి. అంతర్జాతీయ రవాణాలో తిరిగే ప్యాలెట్ల మీద 2002లో ఆమోదించిన నిబంధన ప్రకారం ముద్ర ఉంటుంది. హెచ్‌టీ అని ఉంటే పురుగు చావడానికి వేడిచేసిన చెక్క. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టిన చెక్క. ఇంటి సామానుకు మొదటిదాన్నే ఎంచుకోవాలి. తెలుగు పట్టణాల్లోనూ 8×4 ప్లైవుడ్ షీట్లు, చేతి డ్రిల్లులు, రకరకాల స్క్రూలు మామూలు దుకాణాల్లో దొరుకుతున్నాయి. పుస్తకాల్లో, పత్రికల్లో వచ్చిన పాఠాలు వీడియోల్లోకి మారాయి.

మాధ్యమం మారినా మంచి నమూనా సూత్రాలు మారలేదు. కోతలన్నీ తిన్నగా ఉండాలి. ఒకటి రెండు మందాల చెక్కతో పని ముగియాలి. చెక్క అడ్డంగా కదలడానికి వీలుండాలి. పక్కకు వాలకుండా ఏటవాలు బద్ద గానీ వెనుక పలక గానీ ఉండాలి. ముక్కల పట్టిక ముందే సిద్ధంగా ఉండాలి. స్టిక్లీ, విండ్సర్, బ్రిగమ్, రీట్‌వెల్డ్, మారీ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కారణాలతో పనిచేసినా, అలవాటు లేని చేతికి కూడా నిలబడే బల్లను సాధ్యం చేసింది ఈ కొద్దిపాటి సూత్రాలే.