ఎత్తు తక్కువ ఉన్న మహిళలకు రోడ్ బైక్: ఏ కొలత చూసి కొనాలి?

రోడ్ బైక్ అంటే మోటారు బండి కాదు. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్, తేలికైన ఫ్రేమ్ ఉన్న సైకిల్. తారు రోడ్డు మీద దూరం పోవడానికి చేసింది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో మొదలైంది కాబట్టి, ఇలాంటి సైకిల్‌కు తగిన చోటు కూడా ఇప్పుడు ఉంది.

చిక్కల్లా సైజు దగ్గరే. మన దేశంలో పెద్దవయసు స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే 5 అడుగులు. షాపులో ఎదురుగా నిలబెట్టిన రోడ్ బైక్ చాలాసార్లు 5 అడుగుల 8 అంగుళాల మగవాడికి సరిపోయేది. ఇంట్లో జరిగేది కూడా తెలిసిందే: భాయిజాన్ వాడి వదిలేసిన సైకిల్ చెల్లెలికి వస్తుంది, సీటు కిందికి దించితే చాలనుకుంటారు. నెల తిరక్కుండానే మెడ నొప్పి, అరచేతుల్లో తిమ్మిరి మొదలవుతాయి. బ్రేకు వేళ్లకు సరిగా అందదు. చివరికి "సైకిల్ మనకు పడదు" అని ఆ అమ్మాయే మానేస్తుంది. నిజానికి పడనిది సైకిల్ కాదు, ఆ ఫ్రేమ్.

ముందు ఇంట్లో కొలత

ఎత్తు ఒక్కటీ చెబితే చాలదు. కాలి లోపలి కొలత కావాలి. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, గట్టి అట్ట ఉన్న లావు పుస్తకాన్ని తొడల మధ్య పైకి నొక్కి పెట్టాలి. పుస్తకం పై అంచు నుంచి నేల వరకు ఆపానో అమ్మీనో టేపుతో కొలిస్తే సరి. అది 70 సెం.మీ. వచ్చిందనుకుందాం. దాన్ని 0.65 నుంచి 0.67తో గుణిస్తే ఫ్రేమ్ సైజు సుమారు 45.5 నుంచి 47 సెం.మీ. వస్తుంది. 0.883తో గుణిస్తే 61.8 సెం.మీ. వస్తుంది. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండాల్సిన ఎత్తు అది. రెండూ మొదటి అంచనాలే. తొక్కి చూశాక కొంచెం మారతాయి.

అసలు కొలత పొడవు

ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు. కాళ్లు నేలకు అందితే సైజు సరిపోయినట్టే అనుకుంటారు. ఇప్పటి ఫ్రేమ్‌లలో పై రాడ్డు వెనక్కి వాలుగా ఉంటుంది కాబట్టి కాళ్లు ఎలాగూ అందుతాయి. అందనిది హ్యాండిల్. అందుకే కంపెనీ కొలతల పట్టికలో "రీచ్", "స్టాక్" అనే రెండు అంకెలు చూడాలి. పెడళ్ల ఇరుసు మీదుగా నిలువుగా ఒక గీత గీస్తే, అక్కడి నుంచి హ్యాండిల్ గొట్టం పైకొస వరకు ముందుకు ఉన్న దూరం రీచ్, పైకి ఉన్న ఎత్తు స్టాక్. 5 అడుగుల మనిషికి రీచ్ 350 నుంచి 365 మి.మీ. మధ్య ఉంటే హాయిగా ఉంటుంది.

పై రాడ్డు పొడవు ఒక్కటే చూస్తే ఎందుకు చాలదు? చిన్న సైజుల్లో సీటు గొట్టాన్ని నిటారుగా పెట్టి ఆ అంకెను తగ్గిస్తారు. గొట్టం ఒక డిగ్రీ నిటారైతే పట్టికలో దాదాపు ఒక సెంటీమీటరు తగ్గినట్టు కనిపిస్తుంది. మోకాలు సరైన చోటికి రావాలని సీటును వెనక్కి జరిపితే ఆ సెంటీమీటరు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. రీచ్‌తో ఈ కనికట్టు కుదరదు. అలాగే, చేతులు అందడం కోసం సీటును ముందుకు తోయడం కూడా తప్పే. ఆ భారం మోకాళ్ల మీద, చేతుల మీద పడుతుంది.

చక్రం సంగతి

మామూలు రోడ్ బైక్ చక్రం 700సి, రిమ్ కొలత 622 మి.మీ. ఫ్రేమ్ చిన్నదైనా చక్రం అదే ఉంటే, మలుపులో పాదం ముందు టైరుకు తగులుతుంది. వేగంలో హ్యాండిల్ అంతగా తిప్పం కాబట్టి ఇబ్బంది ఉండదు గానీ, గల్లీలో మెల్లగా యూ టర్న్ తీసుకునేటప్పుడు పడేస్తుంది. అమెరికాలో మెకానికల్ ఇంజనీర్ జార్జెనా టెర్రీ 1985లో పెట్టిన కంపెనీ దీనికి ఒక దారి చూపింది: వెనక 700సి, ముందు 24 అంగుళాల చిన్న చక్రం. చూడడానికి వింతగా ఉన్నా తొక్కేవాళ్లకు పని జరిగింది. తర్వాత కొన్ని కంపెనీలు చిన్న సైజులకు రెండువైపులా 650బి చక్రాలు పెట్టాయి. దీని రిమ్ 584 మి.మీ., అంటే మౌంటెన్ బైకుల 27.5 అంగుళాలదే. కాబట్టి ట్యూబు దొరుకుతుంది. పాత 650సి మాత్రం 571 మి.మీ. సెకండ్‌హ్యాండ్‌లో అది వస్తే టైరు కోసం తిరగాల్సి ఉంటుంది.

తైవాన్‌కు చెందిన జెయింట్ కంపెనీ 2008లో ఆడవాళ్ల కోసమే లివ్ అనే బ్రాండు తెచ్చింది. అయితే "లేడీస్" అన్న ముద్ర చూసి కొనకూడదు. గులాబీ రంగు వేసిన పొడవు ఫ్రేమ్ కూడా పొడవే. మగవాళ్ల పేరుతో ఉన్న చిన్న ఫ్రేమ్ కొలతలు కుదిరితే అదే తీసుకోవచ్చు.

మార్చుకోదగినవి

హ్యాండిల్ వెడల్పు భుజాల ఎముకల మధ్య దూరమంత ఉండాలి. చాలామందికి 36 లేక 38 సెం.మీ. చాలు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్‌ను 80 మి.మీ. వరకు తగ్గించవచ్చు. మరీ పొట్టిదైతే హ్యాండిల్ తత్తరపడుతుంది. పెడల్ క్రాంక్ 170 బదులు 165 మి.మీ. మంచిది. షిమానో 105లో 160 కూడా ఉంది. బ్రేక్ లివర్లను చిన్న చేతులకు దగ్గరగా తెచ్చే స్క్రూ చాలావాటిలో ఉంటుంది, షాపువాళ్లు చెప్పరంతే. సీటు వెడల్పు తెలియాలంటే గట్టి మెట్టు మీద అట్టముక్క వేసి కూర్చుని, పడిన రెండు గుంతల మధ్య దూరం కొలిచి 2, 3 సెం.మీ. కలపాలి.

బట్టలు

రోడ్ బైకుకు చైన్ కవరు ఉండదు, వెనక చక్రానికి జాలీ ఉండదు. వదులు షల్వార్ కుడికాలు అంచును పట్టీతో బిగించాలి. దుపట్టా, అబాయా కొసలు చక్రంలో పడితే మెడకే ప్రమాదం కాబట్టి వేలాడే గుడ్డ ఏదీ ఉండకూడదు. హెల్మెట్ కింద పల్చటి హిజాబ్ చాలు, పిన్నులు వద్దు, కొప్పు కిందికి వేసుకోవాలి. హెల్మెట్ సైజు కూడా హిజాబ్ కట్టుకునే చూసుకోవాలి. అఫ్ఘానిస్తాన్‌కు చెందిన మసూమా అలీ జాదా హిజాబ్‌తోనే టోక్యో ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు తరఫున రోడ్ సైక్లింగ్ పోటీలో దిగింది. కాలు ఎత్తి దాటడం కష్టమైతే సైకిల్‌ను తనవైపు వాల్చుకుని ఎక్కాలి.

షాపులో ఐదు నిమిషాలు కాదు, అరగంట తొక్కి చూడాలి. చేతులు బ్రేక్ లివర్ల పైభాగం మీద పెట్టినప్పుడు మోచేతులు కాస్త వంగి ఉండాలి. బిర్రుగా చాచుకుపోతే ఆ సైజు వద్దు. "తొక్కుతుంటే అలవాటైపోతుంది" అన్న మాటకు డబ్బు కట్టవద్దు. కుదిరితే స్టెమ్, హ్యాండిల్ మార్పు బిల్లు వేసేముందే మాట్లాడుకోవాలి. కొత్త సైకిల్ మీద కొన్ని షాపులు ఊరికే మారుస్తాయి, తర్వాత వెళితే సామాను ధర, కూలి రెండూ అడుగుతాయి.