కానుగ గింజల లెక్క: పవర్‌గూడ ఆడబిడ్డల చరిత్ర

తమ్ముళ్లు, చెల్లెళ్లు, పోస్టు కొంచెం పెద్దగుంది, ఓపికగా చదవండి.

మన బోథ్ దిక్కు పత్తి ఏరుడు అయిపోయినంక సగం కట్టె పొయ్యిలకు పోతది, మిగతాది చేన్లనే కాలవెడతరు. అట్ల కాలవెట్టే చెత్తతోని ఇంధనం తీయాలని 2018 జాతీయ జీవ ఇంధన విధానం చెప్పింది. హర్యానాలోని పానిపట్‌లో 2022 ఆగస్టులో వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ మొదలైంది. రేపు పత్తి కట్టె కోసం మన ఊర్లకు కూడా ఎవరైనా రావచ్చు. ఈ ముచ్చట మన పాత ఆదిలాబాద్ జిల్లాకు కొత్తది కాదు. అందుకే పవర్‌గూడ గురించి రాస్తున్న.

పవర్‌గూడ జైనూర్ మండలంలోని చిన్న గోండు గూడెం. హైమండార్ఫ్ ఉన్న మార్లవాయి కూడా ఆ మండలమే. అక్కడి మహిళా సంఘం వాళ్లకు ఉట్నూర్ ఐటీడీఏ నూనె తీసే మిషన్ ఇచ్చింది. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తోడు నిలిచారు. ఆడబిడ్డలు కానుగ గింజలు ఏరి నూనె ఆడించారు, కొత్తగా వేల కానుగ మొక్కలు నాటారు.

కానుగ మనకు తెలిసిన చెట్టే. పుల్లతో పండ్లు తోముకుంటం, నీడకు కూర్చుంటం. గింజ చేదు, మనిషి గానీ పశువు గానీ తినేది కాదు. మిషన్‌లో ఆడిస్తే సుమారు నాలుగు కిలోల గింజకు ఒక కిలో నూనె వస్తది. మిగిలిన పిండి చేనుకు మంచి ఎరువు. ఈ నూనెతో డీజిల్ ఇంజన్ నడుస్తది. వింత ఏం లేదు, 1900లో పారిస్ ప్రదర్శనలోనే ఒక డీజిల్ ఇంజన్‌ను పల్లినూనెతో నడిపి చూపించారు. పల్లినూనె వంటకు కావాలె, కానుగ నూనెకు ఆ పోటీ లేదు.

2003 అక్టోబర్‌లో అసలు ముచ్చట జరిగింది. పదేండ్లలో ఈ గూడెం తీసే 51 టన్నుల కానుగ నూనె డీజిల్‌కు బదులు వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఆగుతదని లెక్క కట్టారు. వాషింగ్టన్‌లో పెట్టిన ఒక అంతర్జాతీయ సమావేశానికి విమానాలల్ల వచ్చినోళ్ల పొగకు బదులుగా ప్రపంచ బ్యాంకు ఆ లెక్కను కొన్నది. మన ఆడబిడ్డలకు 645 డాలర్లు, అంటే అప్పటి రేటున సుమారు 29 వేల రూపాయలు ఇచ్చింది.

29 వేలు పెద్ద సొమ్మేం కాదు. పదేండ్ల పనికి పంచితే ఏడాదికి మూడు వేలు కూడా రావు. కానీ ఎవరి చేతికి వచ్చినయో చూడండి. మొక్కలు, మిషన్, లెక్కల పుస్తకం సంఘం చేతిల ఉన్నయి. అందుకే పైసలు కూడా సంఘానికే వచ్చినయి. అడవి సరుకు ఏరి, షావుకారు చెప్పిన ధరకు అమ్ముకునే పాత పద్ధతిని ఆ గూడెం దాటింది.

దీని పక్కనే దేశంలో ఇంకో కథ నడిచింది. అదే 2003లో ప్రణాళికా సంఘం నివేదిక వచ్చింది, బీడు భూములన్నిట్ల అడవి ఆముదం వేయాలని ఊరూరా చెప్పారు. 2009 విధానం 2017 నాటికి 20 శాతం జీవ ఇంధనం కలపాలన్నది. అడవి ఆముదం చెప్పినంత కాయలేదు, ఆ గడువూ దాటిపోయింది. పైనుంచి వచ్చిన లెక్కను నమ్మి చేన్లు మార్చుకున్న రైతే నష్టపోయిండు.

ఇప్పుడు మన దగ్గర చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు మనకే ఇచ్చింది. మద్దతు ధర ఇచ్చే అటవీ ఉత్పత్తుల జాబితాలో కానుగ గింజ కూడా ఉంది. కాబట్టి రేపు పత్తి కట్టె కోసమో, కానుగ గింజ కోసమో కంపెనీ మనిషి ఊరికొస్తే గ్రామసభలో మూడు మాటలు అడగండి. తూకం కాంటా ఎవరిది? మిషన్ ఎవరి పేరు మీద? కట్టె అంతా తీసుకపోతే మన పొయ్యిలకు ఏం మిగులుతది?

చదువుకున్నోళ్లం మనం. లెక్కల పుస్తకం రాసే పని మన సంఘాలల్ల మనమే పట్టుకోవాలె.