బొడ్డుచుట్టు సూదులు

కార్వేటినగరము పేరు వినగానే స్కందపుష్కరిణియు, వేణుగోపాలస్వామి ఆలయమును, సారంగపాణి పదములును మనకు స్ఫురించును. మేము నేడు ముచ్చటింపబోవునది వానితో పోల్చదగిన వైభవము కాదు; ఆ సీమలో పిచ్చికుక్క కరచినవాని కథ.

1885లో పాశ్చరు పండితుడు కుందేటి వెన్నుపామును ఎండించి చేసిన మందుతో పారిసులో ఒక బాలునికి చికిత్స చేసెను. దక్షిణదేశమున కూనూరులో పాశ్చరు సంస్థ 1907లో వెలసినది. కార్వేటినగరమునుండి అచటికి పోవలెనన్న, పుత్తూరులో రైలెక్కి, అరక్కోణము మీదుగా మేట్టుపాళెము చేరి, కొండరైలు పట్టవలెను. కరచిన నాటినుండి దినములు లెక్కించుకొనువానికి ఆ దూరమెంతటిదో శ్రోతలే ఊహింతురుగాక!

చిత్తూరు ప్రత్యేక జిల్లాయైన 1911లోనే, కసౌలిలో డేవిడ్ సెంపుల్ మెదడులో పెరిగిన విషక్రిమిని ఫినాలుతో చంపి మందు చేసెను. తరువాత గొర్రె మెదడుతో చేసిన ఈ మందు దూరపు ఆసుపత్రులకును చేరెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు! ఎందరో బ్రతికిరి. కాని కొందరికి కొలది దినములలో కాళ్లు చచ్చుపడెను. అది కుక్క విషము కాదు, మందు చేసిన కీడు. వేయకున్న మరణము, వేసిన పక్షవాతభయము: వైద్యుని సంకట మట్టిది.

కారణమేమి? నరములపై తొడుగువలెనుండు మైలిన్ అను పొర గొర్రెకును మనిషికిని ఇంచుమించు ఒకటే. సూదితో వచ్చిన గొర్రె మెదడును పరాయిదని ఎంచి దేహరక్షకకణములు దానిపై పగబూనెను. పోలికచేత ఆ పగ సొంత మెదడుపైకిని మరలెను. 1935లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సంస్థలో రివర్స్, ష్వెంట్కర్ అనువారు కుందేటి మెదడు రసమును కోతులకు పలుమారు ఎక్కించి, విషక్రిమి లేకయే ఇట్టి జాడ్యమును కలిగించి చూపిరి. మెదడు దేహరక్షణ కందని కోట యను నమ్మకము ఇట్లు బీటువారెను.

ఆ కోటనుండి ఆజ్ఞలును వెలువడునని చాలకాలమునకు తెలిసినది. మెదడునుండి గుండెకును, కడుపునకును దిగు వేగస్ నరమును విద్యుత్తుతో ప్రేరేపింపగా, ఎలుకలలో వాపు కలిగించు పదార్థములు తగ్గెనని 2000లో కెవిన్ ట్రేసీ బృందము ప్రకటించెను.

గొర్రె మెదడు మందు తయారీ మనదేశమున 2004 డిసెంబరుతో ఆగినది. ఇప్పుడు ప్రయోగశాలలో కణములపై పెంచిన విషక్రిమితో చేసిన మందును భుజమునకు వేయుదురు. అయినను పదునాలుగు సూదులకు వెరచి, పసరు పూసికొని ఇంటనే కూర్చుండువారు నేటికిని కలరు.