నారు మట్టికి కొలత కుదిరిన కాలం

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల వరకు ఇంగ్లండు తోటమాలులు కుండీలలో విత్తనం వేయడానికి వాడిన మట్టి మిశ్రమాలకు ఉమ్మడి కొలత అంటూ ఉండేది కాదు. ఒక్కో మొక్కకు ఒక్కో పాకం కావాలన్న నమ్మకంతో ఆకులు కుళ్ళిన ఎరువు, మాగిన పేడ, ఇసుక, పాత గోడల సున్నపు గార వంటివాటిని ఎవరి అనుభవం చెప్పిన పాళ్లలో వారు కలుపుకొనేవారు. ఇంగ్లండులో ఇటువంటి మిశ్రమాన్ని కూడా కంపోస్టు అనే అంటారు. తెలుగు రైతు ఎరిగిన చెత్త ఎరువుకూ దానికీ పేరొక్కటే గాని వస్తువు వేరు గనుక, ఇక్కడ దానిని నారు మట్టి అనడమే మేలు.

ఈ స్థితి మారడానికి జన్యుశాస్త్రం కారణం కావడం గమనించదగిన విషయం. 1904లో మరణించిన లండను వర్తకుడు జాన్ ఇన్స్ విడిచివెళ్లిన ఆస్తితో 1910లో మెర్టన్ అనే చోట ఒక ఉద్యాన పరిశోధన సంస్థ ఏర్పడింది. జన్యుశాస్త్రానికి ఆంగ్లంలో పేరు పెట్టిన విలియం బేట్సన్ దానికి తొలి సంచాలకుడు. సంకరణ ప్రయోగాలలో ఏ లక్షణం ఎన్ని మొక్కలకు వచ్చిందో లెక్కించాలి గనుక మొలిచిన ప్రతి మొక్కా బతకాలి. బలహీనమైనవి ముందే చనిపోతే నిష్పత్తులు తారుమారై ఏళ్ల శ్రమ వృథా అవుతుంది. 1930ల తొలినాళ్లలో అక్కడి చైనా ప్రిములా అనే పూలమొక్కల నారు మట్టిలోని తెగుళ్లకు పెద్ద ఎత్తున బలికావడంతో, విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ అనే ఇద్దరు నారు మట్టినే ప్రయోగ వస్తువుగా తీసుకున్నారు.

నారుకుళ్ళు, అంటే లేత కాండం నేలమట్టం దగ్గర మెత్తబడి మొక్క ఒరిగిపోయే తెగులు, మట్టిలోని శిలీంధ్రాల వల్ల వస్తుంది గనుక వారు మట్టిని ఆవిరితో సుమారు 82 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేడి చేశారు. తెగులు పోయింది గాని, శుద్ధి చేసిన మట్టిలో నారు ఎదుగుదల మందగించింది. వేడికి కొన్ని సూక్ష్మజీవులు చచ్చి, తట్టుకున్నవి మట్టిలో అమ్మోనియాను పెంచుతాయన్నది అంతకుముందే తెలిసిన సంగతి. సూపర్ ఫాస్ఫేట్ కలిపితే ఆ మందగమనం తొలగిపోతుందని వీరు చూపడం ఈ చరిత్రలోకెల్లా విలువైన ఘట్టం, ఎందుకంటే తోటమాలి చేతి నేర్పుగా చలామణీ అయిన విద్యకు మొదటిసారి కారణం చెప్పగల లెక్క దొరికింది. ఘనపరిమాణంలో గరప మట్టి రెండు పాళ్లు, పీట్ ఒక పాలు, ఇసుక ఒక పాలు, ఆ మిశ్రమం సుమారు 36 లీటర్లకు 42 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్, 21 గ్రాముల సుద్ద: విత్తనాలకు వారు కుదిర్చిన పాళ్లు ఇవి. మొక్క ఎదిగాక మార్చే కుండీలకు అదే వరుసలో ఏడు, మూడు, రెండు పాళ్ల మిశ్రమంలో గిట్టలు కొమ్ముల పొడి, సూపర్ ఫాస్ఫేట్, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కలిపిన ఎరువు వేశారు. పీట్ అంటే చలి దేశాల చిత్తడి నేలలలో వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్ళకుండా పేరుకున్న నాచు.

ఈ పాళ్లను వారు 1939లో పుస్తకంగా ప్రకటించారు. సంస్థ వాటిని తన సొత్తుగా దాచుకోలేదు. ఎవరైనా కలుపుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అందుకే జాన్ ఇన్స్ అన్న పేరు ఈనాటికీ అక్కడ ఒక కంపెనీని గాక ఒక మిశ్రమాన్ని సూచిస్తుంది, ఆ ఔదార్యానికి తోటల లోకం ఎంతో రుణపడి ఉంది. అయితే దానికి కావలసిన గరప మట్టిని పచ్చిక పలకలను పేడతో పొరలుగా పేర్చి నెలల తరబడి మాగబెట్టి తయారుచేయాలి. అటువంటి మట్టి అన్నిచోట్లా ఒకే నాణ్యతతో దొరకడం కష్టమైంది.

ఆ చిక్కు నుంచే మట్టి లేని మిశ్రమాలు పుట్టాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1957లో కెన్నెత్ బేకర్ సంపాదకత్వంలో సన్నని ఇసుక, పీట్‌ల పద్ధతిని ప్రచురించింది. తరువాతి దశకంలో కార్నెల్ విశ్వవిద్యాలయం పీట్‌కు వర్మిక్యులైట్‌ను, అంటే వేడికి పొరలు విచ్చుకొని తేలికైన ఒక ఖనిజాన్ని, జోడించింది. పీట్ తవ్వకంతో చిత్తడి నేలలు నాశనమవుతున్నాయన్న ఆందోళన పెరిగాక, కొబ్బరి పీచు తీసేటప్పుడు రాలి ఒకప్పుడు గుట్టలుగా పడి ఉండే పొట్టుకు గిరాకీ వచ్చింది.

తెలుగు నేలకు ఈ చరిత్ర చేరింది ఆ దారిలోనే. ఒకప్పుడు ఎత్తు మడులపై పెరిగిన మిరప, టమాటా నారు ఇప్పుడు షేడ్‌నెట్‌ల కింద, తరచు 98 గుంతల ప్రోట్రేలలో, కోకోపీట్ అని పిలిచే ఆ పొట్టులో మొలుస్తోంది. నాటేటప్పుడు వేరు తెగకుండా ముద్దతో సహా ఊడివస్తుంది. పొట్టు నీటిని బాగా పట్టి ఉంచుతుంది గాని మొక్కకు చాలినంత ఆహారం ఇవ్వదు; దానిలో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి గనుక వాడేముందు మంచినీటితో కడిగి ఆ నీటిని వార్చివేయాలి, లేకుంటే లేత ఆకుల అంచులు మాడి నారు గిడసబారుతుంది.