జూదశాలకు దారి చూపినవారు

హస్తినాపురమున జూదపు సభ సిద్ధమైన పిమ్మట ధృతరాష్ట్రుడు చేసిన మొదటి పని ఇంద్రప్రస్థమునకు మనిషిని పంపుట. వెళ్లినవాడు విదురుడు. జూదము చేటు తెచ్చునని రాజునకు చెప్పి చూచి, రాజు వినకపోగా మనసు లేకయే వెళ్లెను. ధర్మరాజునొద్దను ఆ సంగతి దాచలేదు. అయినను పిలుపు వచ్చిన పిమ్మట మానుట తగదని ధర్మరాజు బయలుదేరెను. రెండవ మారు, ఇంటిదారి పట్టిన పాండవులను వెనుకకు పిలిచినవాడు ప్రాతికామి. సభాపర్వము వినునప్పుడు మన దృష్టి యంతయు శకుని పాచికలపై నిలుచును గాని, పిలువవచ్చినవానిపై నిలువదు. జూదముల చరిత్రను తిరుగవేసినకొలది, పాచికలు వేసినవానికంటె పిలిచినవానికే అందు పెద్దపీట దొరకినట్లు మాకు తోచినది. విదురునకు ఆ పిలుపునకై కూలి ముట్టలేదు. తరువాతి కాలమున పిలిచినవారు కూలికి పిలిచినవారు. ఆ కూలి ఎవరి మూటనుండి వచ్చెననునదే ఈ ప్రసంగమునకు విషయము.

ప్రాచీన కాలమున మన దేశములో ఈ కూలివానికి అంతగా పని లేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము జూదమును రాజోద్యోగి కనుసన్నలలోనికి తెచ్చినది. ద్యూతాధ్యక్షుడు ఒకే తావున ఆట నడిపింపవలెను. వేరొక చోట ఆడినవానికి 12 పణముల దండుగ. గెలిచిన సొమ్ములో నూటికి 5 వంతులు అధ్యక్షుడు తీసికొనును. మృచ్ఛకటికములో మాథురుడను సభికుడు పది సువర్ణములకై ఓడిపోయిన సంవాహకుని వీధులవెంట తరుముచు కనబడును. ఇతడు బాకీ వసూలు చేయువాడే గాని జనమును పోగుచేయువాడు కాడు. ఊరిలోని జూదరులు పిలువకయే వచ్చెడివారు.

పిలుపు ఒక వ్యాపారముగా నిండుగా కనబడునది 18వ శతాబ్దపు లండను నగరమున. ఇంగ్లండు ప్రభుత్వము 1694లో యుద్ధవ్యయమునకై లాటరీ పెట్టినది. నడుమ విరామములున్నను ఆ పద్ధతి 1826 వరకు సాగెను. ప్రభుత్వము చీట్లను గుత్తేదారులకు టోకున అమ్మెడిది. వారు ఒక్కొక్క చీటిని పదునారు వంతుల వరకు విడదీసి చిల్లరగా అమ్మెడివారు. ఆ గుత్తేదారులలో థామస్ బిష్ అనువాడు ప్రకటనలకు పేరు మోసినవాడు. బొమ్మల కరపత్రములు, నవ్వు పుట్టించు పద్యములు, ఇవి యటుండగా ఆనాటి లాటరీ దుకాణదారులు పత్రికలలో కథలు కూడ వేయించెడివారు. ఏదో పెండ్లి ముచ్చటయో ప్రయాణపు వింతయో వలె అవి మొదలయ్యెడివి. చివరి వాక్యమునకు వచ్చుసరికి లాటరీ దుకాణపు గుమ్మము ముందుండెడివి. చదువరి వార్త యనుకొనియే చదివెడివాడు. ఈ ఉపాయముతో మనకు మరల పని పడును.

చీటి కొనలేని బీదలకు ఇంకొక మార్గము ఉండెను. లాటరీ తీయుట అనేక దినములు సాగెడిది కనుక, ఫలాని అంకె ఈ దినమున వచ్చునా రాదా అని కొద్దిపాటి పెన్నీలతో పందెము కాయవచ్చును. దీనికి 'బీమా' యని గౌరవప్రదమైన పేరు. ఇది చట్టవిరుద్ధము. కాబట్టి అంగడి పెట్టి కూర్చుండుటకు వీలు లేక, ఎఱ్ఱని మొరాకో తోలు పుస్తకములు చేతబట్టిన మనుషులు ఇంటింటికి తిరిగెడివారు. వారికి 'మొరాకో మనుషులు' అని పేరు వచ్చినది. వంటయింటి వాకిట నిలిచి దాసీలతోను వంటవారితోను మాటాడి అంకెలు వ్రాసికొనెడివారు. లండను మేజిస్ట్రేటు పాట్రిక్ కాల్కహూన్ ఆ శతాబ్దము చివర తన గ్రంథమున వేసిన అంచనా ప్రకారము ఇట్టివారు 7,500 మంది. గుమాస్తాలు, ఏజెంట్లు మరి 2,000. ఆ లెక్క కొంత పెంచినదే యైనను, ఒక నగరమునకు అది చిన్న సేన కాదు. ఆ సేనకు తిండి పెట్టినది వంటమనిషి జీతమే.

లండను లాటరీ 1826 అక్టోబరు 18న చివరిసారి తీయబడెను. ఫ్రాన్సు దేశమున పారిస్ జూదశాలలు 1837 డిసెంబరు 31 అర్ధరాత్రితో మూతపడెను. ఆడ మనసున్నవారు ఉండిరి, ఆడుటకు చోటు లేదు. ఈ సంగతి కనిపెట్టినవాడు ఫ్రాన్స్వా బ్లాంక్. ఇతడును ఇతని కవల సోదరుడు లూయీయు అంతకు పూర్వము బోర్డోలో షేర్ల వ్యాపారము చేయుచు, ప్రభుత్వ టెలిగ్రాఫు సిబ్బందికి లంచమిచ్చి పారిస్ ధరలను అందరికంటె ముందు తెలిసికొనిరి. విచారణ జరిగినను, ఆ పనిని నేరమని చెప్పు చట్టము లేనందున బయటపడిరి. 1841లో వీరు జర్మనీలో హోంబర్గ్ అను చిన్న సంస్థానమున జూదశాల పెట్టిరి. తక్కిన చోట్ల రూలెట్ చక్రమునకు రెండు సున్నాలు ఉండగా వీరు ఒకటి తీసివేసిరి. లెక్క చూడుడు: 38 గదులలో రెండు సున్నాలు ఉన్నచో కాచిన ప్రతి నూటికి సగటున 5 రూపాయల 26 పైసలు జూదశాలకు మిగులును, 37 గదులలో ఒక్క సున్నా ఉన్నచో 2 రూపాయల 70 పైసలు. సగము లాభము వదలుకొన్న పిచ్చివాడని పోటీదారులు తలచియుందురు. ఆ వదలుకొన్నది లాభము కాదు, పిలుపునకు పెట్టిన పెట్టుబడి. హోంబర్గ్‌నకు జనము క్రిక్కిరిసిరి.

ఇతని అసలు ప్రజ్ఞ మొనాకోలో కనబడినది. ఆ రాజ్యము 1848లో రెండు పట్టణములను పోగొట్టుకొని బీదరికమున పడియుండెను. 1856లో అక్కడ ఒక జూదశాల తెరచిరి. నీసునుండి సరియైన బాట లేదు, రైలు లేదు. 1857 మార్చిలో వరుసగా కొన్ని దినములపాటు ఒకే ఒక మనిషి లోపలికి వచ్చి రెండు ఫ్రాంకులు గెలిచి వెళ్లెనని చెప్పుదురు. తలుపులు తెరచి దీపములు వెలిగించి ఎవరును రాని ఆ శాలను తలచుకొన్నప్పుడెల్ల మాకు నవ్వును జాలియు కలుగును. బల్లలు, చక్రము, అదృష్టము అన్నియు అక్కడనే ఉండెను. పిలిచెడివాడు మాత్రము లేడు.

1863లో బ్లాంక్ 50 ఏండ్ల గుత్త తీసికొనెను. అతడు స్థాపించిన కంపెనీ పేరులో సముద్రస్నానములు ఉన్నవి, విదేశీయుల సంఘము ఉన్నది. జూదమను మాట లేదు. 1864లో గొప్ప హోటలు తెరచెను. గుట్టకు ఉన్న మోటు పేరు తీసివేసి, ప్రభువు షార్ల్ పేరున 1866లో మాంటీ కార్లో అని పిలిచిరి. 1868లో రైలు వచ్చినది. మరుసటి ఏడు ప్రజలకు ప్రత్యక్ష పన్నులు రద్దు చేసిరి. ఆ ప్రజలకు మాత్రము బల్లదగ్గర ఆడుటకు అనుమతి లేదు. నష్టము పొరుగువారిది, పన్ను మినహాయింపు ఊరివారిది.

పారిస్ పత్రికలలో సముద్రపు గాలిని, నారింజతోటలను, సంగీతసభలను గూర్చి వ్యాసములు వచ్చెడివి. ఓడినవాడు ఆత్మహత్య చేసికొన్న వార్త వచ్చుటే అరుదు; ఆ మౌనమునకు కూడ వెల ఉండెడిది. చేతిలో చిల్లిగవ్వ లేనివానికి ఇంటికి పోవుటకు ప్రయాణపు ఖర్చు జూదశాలయే ఇచ్చి సాగనంపెడిది. దయ యని కొందరు మెచ్చుకొనిరి. శవము తోటలో కనబడుటకంటె టిక్కెట్టు చవుక యని మా ఊహ. ఎరుపు ఒకప్పుడు గెలుచును, నలుపు ఒకప్పుడు గెలుచును, తెలుపు ఎప్పుడును గెలుచునని ఆనాడు ఒక చమత్కారము పుట్టినది. ఫ్రెంచిలో బ్లాంక్ అనగా తెలుపు.

గెలిచినవాడు జూదశాలకు శత్రువని మనమనుకొందుము. చార్లెస్ వెల్స్ అను ఆంగ్లేయుడు 1891లో బల్లపై ఉన్న సొమ్మంతయు మాటిమాటికి ఊడ్చుకొనిపోయెను. సొమ్ము నిండుకొన్న బల్లకు నల్లగుడ్డ కప్పుట అక్కడి ఆచారము. ఆ నల్లగుడ్డ కంటె మంచి ప్రకటన లేదు. లండను పత్రికలు వ్రాసినవి, 1892 నాటికి సంగీతశాలలలో పాటయు వచ్చినది, రైళ్లు నిండినవి. ఆ వెల్స్ తాను కనిపెట్టిన యంత్రముల పేరిట పెట్టుబడిదారులను మోసగించినందుకు 1893లో 8 ఏండ్ల శిక్ష పొందెనను సంగతి పాటలో లేదు. మన జాతరలలో మూడు ముక్కలాటవాని ముందు మొదట ఒకడు గెలుచును, చూచియున్నారు కదా. వాడు ఆటవాని మనిషియే. వెల్స్ అట్టివాడు కాడు, నిజముగనే గెలిచెను. జూదశాలకు కలిగిన ప్రయోజనము మాత్రము ఒక్కటే.

ఇప్పటి సంగతికి వత్తము. 1990వ దశకము నడుమ అంతర్జాలమున జూదశాలలు పుట్టినవి. వాటికి బాట, రైలు, హోటలు అక్కరలేదు. కాని కోటి పుటల నడుమ వాటిని కనుగొనువాడెవడు? మొనాకో 1857 నాటి చిక్కే మరల వచ్చెను. దానికి దొరకిన విరుగుడు అఫిలియేట్ అను దళారి. అతడు జూదము నడుపడు. 'ఏ జూదశాల మేలు', 'ఎక్కడ బోనసు హెచ్చు' అని జనము వెదకెడి మాటలను పసిగట్టి, ఆ ప్రశ్నలకు జవాబుగా పుటలు వ్రాసి పెట్టును. పోలికల పట్టికలు, నక్షత్రముల మార్కులు ఉండును. పుట చూచుటకు నిష్పాక్షికమైన సలహా వలె ఉండును. అందలి లంకెను నొక్కి వెళ్లినవానిపై కనబడని గుర్తు పడును. అతడు ఖాతా తెరచి సొమ్ము వేసినచో దళారికి ఒక్కమారు స్థిరమైన మొత్తము ముట్టును. లేదా అతడు ఓడిన సొమ్ములో నెలనెల వాటా, నూటికి 20, 30, ఒక్కొక్కచోట అంతకు మించియు. కొన్ని ఒప్పందములలో ఇంకొక షరతు కలదు: తాను పంపినవాడు గెలిచినచో ఆ మొత్తము దళారి లెక్కలో అప్పుగా నిలిచి తరువాతి నెలకు సాగును. సలహా అడిగినవాడు గెలిచిన నెల సలహా చెప్పినవానికి నష్టపు నెల!

ఆ బోనసు లెక్కయు ఒకమారు వేసి చూతము. వెయ్యి రూపాయల బోనసు. దానిని చేతికి తీసికొనవలెనన్న ముప్పది రెట్లు పందెము కాయవలెను, అనగా 30,000 రూపాయలు. ఒక్క సున్నా గల చక్రము లెక్కనే పట్టినను సగటున 810 రూపాయలు అక్కడనే కరగును. పట్టికలో పెద్ద అక్షరములలో కనబడునది వెయ్యి.

బిష్ కాలపు ఉపాయమును మరువలేదు కదా? 2017లో బ్రిటనులో కొందరు అఫిలియేట్ల ప్రకటన ఒకటి వార్త వేషము వేసినది. భార్య జబ్బుతో అప్పులలో మునిగినవాడొకడు అంతర్జాల జూదములో గెలిచి కష్టములు తీర్చుకొన్నట్లు కథ. అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ దానిని నిలిపివేసి, బాధ్యత జూదపు కంపెనీలదే యని తేల్చినది.

మన ప్రాంతమున ఈ వ్యాపారము 'నేర్పు' అను మాటను ఆసరా చేసికొనెను. సికిందరాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆట యని చెప్పియుండెను. క్లబ్బు పందెముల ద్వారా లాభము తీసినచో నేరము కావచ్చునని అదే తీర్పులో ఉన్న మాటను ప్రకటనలు ఎత్తలేదు. తెలంగాణము 2017లోను ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టములు సవరించి డబ్బు పందెపు అంతర్జాల ఆటలను నిషేధించినవి. పిలిచెడివారు ఊరకుండలేదు. 2025 మార్చిలో హైదరాబాదు ప్రాంతపు పోలీసులు బెట్టింగు యాప్‌లను ప్రచారము చేసిరని సినిమా నటులపైనను సామాజిక మాధ్యమములలో పేరున్నవారిపైనను కేసులు పెట్టిరి. ఆ ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము డబ్బు ఆట నడిపినవానికి 3 ఏండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించి, ప్రకటన చేసినవానికి వేరుగా 2 ఏండ్లు, 50 లక్షలు అని వ్రాసినది.

మూయించిన పేరునకు ఒక అంకె చేర్చుకొని, అవే పుటలు వేరొక చిరునామాతో తెరచుకొనుట ఈ వ్యాపారమున పరిపాటి. కొన్ని పుటల అడుగున, మిక్కిలి చిన్న అక్షరములతో, ఇచటి లంకెలవలన మాకు కమీషను ముట్టవచ్చునని ఒక వాక్యము కనబడును. అన్నిట కనబడదు.